పిడుగును మింగిన బోరు

మా ఇంటి మీద పిడుగు పడలేదు. ముందు ఈ సంగతి తేలిపోవాలి. ఎందుకంటే పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో, ఆఖరికి ఒకరింట్లో పదకొండో రోజు భోజనాల దగ్గర కూడా మా ఆయన చెప్పే కథ వేరే ఉంది. ఆ కథలో హిందూపురంలోని మా డాబా మీద నేను నిలబెట్టిన ఇనుప గుంజను వెతుక్కుంటూ ఆకాశం నుంచి పిడుగు దిగుతుంది. వీధి వీధంతా బుగ్గి కావాల్సిన ఘడియ అది. అప్పుడు మా ఆయన కట్టిన ఎర్త్ వైరు దాన్ని జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయి మా ఎండిపోయిన బోరులో పడేస్తుంది. బోరు గుటుక్కున మింగేస్తుంది. విన్నవాళ్లు ఆయన వంక గౌరవంగా, నా వంక జాలిగా చూస్తారు. రెండోసారి పాయసం ఆయన విస్తట్లోనే ముందు పడుతుంది.

నేను అక్కడే కూర్చుని వింటుంటాను. మధ్యలో కలగజేసుకుంటే “ఆ యమ్మకు వాదన పిచ్చి” అంటారు. వాదన పిచ్చి ఉన్న మాట నిజమే. కానీ జరిగింది జరిగినట్టు చెప్పమనడం కూడా పిచ్చి కింద ఎప్పటినుంచి జమ అయిందో నాకు తెలియదు.

మొదట, డాబా మీద ఆడమనిషికి గుంజతో పనేమిటని అడిగేవాళ్లకు జవాబు చెప్పాలి. నాకు రేడియో లైసెన్సు ఉంది. పాటలు వినే రేడియో కాదు, ఇంట్లో కూర్చుని మాట్లాడే రేడియో. హామ్ రేడియో అంటారు. పరీక్ష రాసి, ప్యాసయి తెచ్చుకున్నది. ధర్మవరంలో మగ్గాలున్న ఇంటికి కోడలిగా పోయిన మా పిన్ని కూతురూ నేనూ కలిసి చదివి రాశాము. రోజూ సాయంత్రం కాఫీ తాగాక నేను ఇక్కడ, అది అక్కడ సెట్ల ముందు కూర్చుంటాము. డాబా మీద గుంజ నుంచి రెండు వైపులా దిగే తీగ లేకపోతే నా మాట మా వంటింటి గోడ కూడా దాటదు.

“ఫోనుంది గదా?” అని అందరూ అడుగుతారు. ఉంది. కానీ ఫోనులో ఇద్దరూ ఒకేసారి మాట్లాడొచ్చు. మా ఇంట్లో కూడా అంతే, మా అత్తగారింట్లో అంతకంటే ఎక్కువ. రేడియోలో బటన్ నొక్కినవాళ్లు వదిలేదాకా అవతలివాళ్లు వినాల్సిందే. నేను ఒక వాక్యం మొదలుపెట్టి, దాన్ని పూర్తిచేసి, చుక్క కూడా నేనే పెట్టగలిగిన చోటు నా పెళ్లయినాక అదొక్కటే. అందుకే ఆ గుంజ మీదికి ఎవరొచ్చినా నేను ఊరుకోను.

ఈ పిచ్చికి విత్తనం వేసింది మా నాయన. పెనుకొండలో ఒక ఆఫీసులో గుమాస్తా ఆయన. జీతం తక్కువ, రేడియో పెద్దది. పెంకుల మీంచి వేపచెట్టు దాకా రాగితీగ కట్టి ఏరియల్ అనేవాడు. రేడియో వెనక నుంచి ఇంకో తీగ కిటికీలోంచి దిగి, పెరట్లో పాతిన రాగి రేకు దగ్గరికి పోయేది. అది ఎర్త్. కిటికీ పక్కన చెక్క మీద చిన్న పిడి ఉన్న స్విచ్చి. పిడి పైకి ఉంటే ఏరియల్ రేడియోకు, కిందికి దించితే ఏరియల్ నేరుగా భూమికి. కొండ మీద కోట కనిపించకుండా మబ్బు కమ్మితే చాలు, ఆఫీసులో ఉన్నా సరే, ఎవరో ఒకరితో “ఇంట్లో పిడి దించమను” అని చెప్పి పంపేవాడు.

ఆ రేకు పాతిన చోటే మేమందరం చేతులు కడగాలి. అది మా ఇంటి శాసనం. అన్నం తిని ఎవరైనా వేరే చోట చెయ్యి కడిగితే నాయనకు కోపం వచ్చేది.

“నీళ్లు ఆడ పొయ్యండి. నేల ఎండితే ఆ తీగ ఉన్నా ఒకటే, ల్యాకున్నా ఒకటే.”

“చుట్టాలొచ్చినా ఆడికే పంపిస్తే ఏమనుకుంటారు?” అని అమ్మ గొణిగేది.

“పిడుగు పడితే చుట్టాలు ఏమనుకుంటారో అది చూసుకో ముందు.”

అట్లా మా ఇంటికి భోజనానికొచ్చిన పెద్దమనుషులంతా తమకు తెలియకుండానే మా రేడియోకు సేవ చేసి పోయారు. పెనుకొండ ఎండలకు వీధంతా నెర్రెలిచ్చినా మా పెరట్లో ఆ జానెడు చోటు మాత్రం ఎప్పుడూ తడిగా ఉండేది.

హిందూపురంలో మా ఇంట్లో తడి నేల అన్నది లేదు. అసలు నేలే లేదు. గేటు నుంచి వెనక గోడ దాకా మా ఆయన గ్రానైట్ పరిపించాడు. చెప్పులిప్పి నడిచేంత మురిపెం ఆ బండల మీద. నేను గుంజ నిలబెట్టుకుని, దీనికి ఎర్త్ గుంత తవ్వాలి, బొగ్గులు, ఉప్పు వేసి పైపు దించాలి, రెండు బండలు లేపాలి అంటే, ఆయన నన్ను ఇల్లు కూలగొట్టమన్న మనిషిని చూసినట్టు చూశాడు.

“బండ లేపితే మళ్లా ఆ షేడు దొరకదే.”

“షేడు దొరక్కపోతే ఏమి, మనం దొరుకుతాం గదా ప్రాణాలతో.”

“అంత కావాలంటే బోరు ఉండాది. భూమిలోకి అంత లోతుకు పోయిన ఇనప పైపు ఊర్లో ఎవరికుండాది? దానికంటే మంచి ఎర్త్ యాడుంది?”

ఆ బోరు కథ కొంచెం చెప్పాలి. నీళ్లు చూసే ఆయన ఒకడు వచ్చి, అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని మా పెరడంతా తిరిగాడట. వెనక మూలకు రాగానే కాయ నిలువుగా లేచి నిలబడిందట. మా ఆయన దానికి దండం పెట్టి అక్కడే వేయించాడు. దుమ్ము వచ్చింది. ఇంకా దింపితే ఇంకా సన్నటి దుమ్ము వచ్చింది. ఇదంతా “అట” అనడం ఎందుకంటే ఆ రోజు నేను ఊర్లో లేను. మా పిన్ని కూతురి పెద్దకూతురి సీమంతానికి ధర్మవరం పోయి ఉన్నాను. వచ్చేసరికి పెరట్లో మోకాలెత్తున ఇనుప పైపు, దాని మీద మూత, మూతకు ఆకుపచ్చ పెయింటు. కొబ్బరికాయను మాత్రం చట్నీ చేసేశారు.

నీళ్లివ్వని బోరు ఎర్త్‌కైనా పనికొస్తుందంటే నాకూ సబబుగానే తోచింది. ఇనుప కేసింగ్, అంటే బోరు గోడలు కూలకుండా దించే పైపు, నిజంగా లోతుకు పోయి ఉంటే మంచి ఎర్తే అవుతుంది. పుస్తకాల్లోనూ ఉంది. ఆయన రాగి వైరు తెచ్చి, పెయింటు మీదే నాలుగు చుట్లు చుట్టి, చేతులు దులుపుకున్నాడు. ఆకుపచ్చ పెయింటు మీద కడితే కరెంటు ఎట్లా దిగుతుందని గీకి, క్లాంపు బిగించింది నేను. అయినా ఆ రోజు నుంచి అది “నా బోరు ఎర్త్” అయిపోయింది, ఆయన నోట్లో.

మా ఎదురింటాయనకు బజారులో మిక్సీలు, ఫ్యాన్లు అమ్మే షాపుంది. గుంజ లేచిన రోజే అడిగాడు.

“ఏమమ్మా, సెల్ టవర్ పెట్టిచ్చినారా? కంపెనీ బాడిగ ఎంతిస్తాది?”

“టవర్ కాదన్నా. కాకులకు వాలేదానికి చోటు ల్యాకుంటే పెట్టించినా.”

ఆయన నవ్వలేదు. ఆ మాట దాచిపెట్టుకున్నాడు.

ఎండలు ముదిరి, మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి మబ్బులు పట్టే రోజులొచ్చాయి. అలాంటప్పుడు నేను చేసే పని ఒకటే. సెట్టు వెనక కేబుల్ విప్పి, దాని కొన కిటికీ బయటికి వదిలేసి, కరెంటు ప్లగ్గు పీకేసి, ఆ గదిలోంచి లేచిపోవడం. నాయన పిడి దించినట్టే. పిడుగు నేరుగా నెత్తిన పడితే ఏ ఎర్తూ సెట్టును కాపాడుతుందని నేను ప్రమాణం చేయను. ఇంటికి, మనిషికి ముప్పు తగ్గించడానికి ఎర్త్. సెట్టుకు క్షేమం పీకి పెట్టడంలోనే ఉంది.

ఆ రోజూ అట్లే పీకి, వంటింట్లో చింతపండు నానేస్తున్నాను. కిటికీ తెల్లగా అయింది, వెంటనే పెళపెళమని శబ్దం. చెవులు దిమ్మెక్కాయి. కరెంటు పోయింది. కాసేపటికి ఎదురింట్లోంచి కేకలు. వాళ్ల టీవీ, దాని పైన కేబుల్ డబ్బా, ఫ్రిజ్జు స్టెబిలైజరు అన్నీ పోయాయి. ఆ వరసలో ఇంకో రెండిళ్లలో టీవీలు పోయాయి. మా ఇంట్లో పోయింది మా ఆయన ఇంటర్నెట్ డబ్బా ఒక్కటే, అది ఆయన ఎప్పుడూ పీకడు. నా రేడియోకు ఏమీ కాలేదు.

అదే నా నేరమైంది. సాయంత్రానికి వీధి మా గేటు ముందుంది. ఎదురింటాయన ముందు నిలబడ్డాడు.

“అందరివీ పాయె, నీది ఒక్కటి పాలేదంటే దాని అర్థమేందమ్మా?”

“నేను పీకి పెట్టినా, మీరు పీకలేదని అర్థమన్నా. పిడుగు వెనక వీధిలో, ఆ మూతపడిన ఫ్యాక్టరీ కొబ్బరిచెట్టు మీద పడింది. మొవ్వు మాడిపోయి ఉండాది, పోయి చూసి రా. ఆ చెట్టు పక్కనే కేబుల్ టీవీ తీగ పోతాది, కరెంటు తీగా పోతాది. ఆ దారిన మీ ఇండ్లలోకి వచ్చింది.”

“చెట్టు మీదికి ఎందుకొచ్చింది? నీ గుంజ పిలిస్తే వస్తాండాది, దారిలో చెట్టు తగిలింది.”

“అయితే అడ్రసు అడగడానికి చెట్టెక్కిందంటావు.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గాలి నా వైపు తిరుగుతోంది అనుకుంటుండగా మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి బండికి స్టాండ్ వేశాడు. సంగతంతా విన్నాడు. హెల్మెట్ తీయకుండానే తీర్పు చెప్పాడు.

“గుంజ మీద పడిన మాట నిజమేనప్పా. అంత ఎత్తున ఉంటే పడకుండా యాడికి పోతాది? కానీ నా బోరు ఉండబట్టి సరిపాయె. అంతా ఆడికే దిగిపాయె. అది ల్యాకుంటే మీ టీవీలు కాదు, మీరే ఉండరు.”

నా ముఖం చూశాడు కానీ అప్పటికే ఆలస్యమైంది. తన బోరుకు సన్మానం జరగాలంటే ముందు నా గుంజకు శిక్ష పడాలన్న ఇంగితం ఆయనకు లేదు. కట్టుకున్నవాడే సాక్ష్యం చెప్పాక ఇంక విచారణేముంది? ఆదివారం లోగా గుంజ దింపాలని ఎదురింటాయన, సరేనని మా ఆయన, నా గుంజ గురించి వాళ్లిద్దరూ రాజీపడిపోయారు.

“దింపుతా,” అన్నాను. “కానీ పిడుగు పోయిన దారి ఒకసారి చూపించండి.”

పెరట్లోకి నడిచాము. వైరు నిగనిగలాడుతోంది. క్లాంపు చుట్టూ మిగిలిన ఆకుపచ్చ పెయింటు కొంచెం కూడా కందలేదు.

“ఇంత పిడుగు ఇంత మర్యాదగా దిగి పోయిందా, పెయింటుకు కూడా తగలకుండా?” అన్నాను.

“లోపల చూడాల,” అన్నాడు మా ఆయన, గంభీరంగా.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. బోరు చుట్టూ మాత్రమే ఆయన బండలు పరిపించలేదు, గుండ్రంగా కోయడం కుదరక. గడ్డపార తెచ్చి ఆ మూరెడు మట్టిని నేనే పెళ్లగించాను. జానెడు లోతుకు ఇనుప పైపు అంచు వచ్చింది. అంచు అంటే అంతే, పైపు అక్కడ అయిపోయింది. దాని లోపలి నుంచి కిందికి పోతున్నది నీలం రంగు ప్లాస్టిక్ పైపు. పైన కనబడే ఇనుప ముక్క ఎవరూ మూత విరగ్గొట్టకుండా తొడిగిన తొడుగు. నా డాబా మీది గుంజ, దాని వైరు, నా సెట్టు, అన్నీ ఇన్నాళ్లూ ఒక టోపీకి కట్టి ఉన్నాయి.

ఎదురింటాయన వంగి చూశాడు. టీవీ పోయిన దుఃఖంలో కూడా ఆయనకు నవ్వాగలేదు.

“ఏమప్పా, నీ బోరు పైన ఇనప చొక్కా తొడుక్కోని, కింద నీలం లుంగీ కట్టుకోనుండాదే. ఇదేనా పిడుగును మింగింది?”

“బోరుబండోళ్లు మోసం చేసినారు,” అన్నాడు మా ఆయన.

“ఆ రోజు మీరు యాడుండారు?” అన్నాను.

“ఈడే ఉంటి. నీ మాదిరి సీమంతాలకు పోయినానా?”

ఇంకేదో అనబోయాను కానీ ఎదురింటాయన అందుకున్నాడు. “అది సరేనమ్మా. గుంజ మీద పడలేదు, ఒప్పుకుంటా. కానీ ఎర్తే లేని గుంజ అంటే ఇంకా డేంజరు గదా. రేపు నిజంగా పడితే?”

మిక్సీలమ్మే మనిషి, నా మీద పగ పట్టిన మనిషి, ఆ సాయంత్రం మొత్తం మీద పనికొచ్చే మాట ఒకటే మాట్లాడాడు. వాదనలో నేను గెలిచాను, గుంజ ఓడిపోయింది. ఆదివారం దాకా ఆగలేదు. మరుసటి రోజు పొద్దున్నే డాబా ఎక్కి తీగలు విప్పి, బోల్టులు సడలించి గుంజను నేనే పడుకోబెట్టాను. మా ఆయన నిచ్చెన పట్టుకున్నాడు. పాపం, అంతవరకు సాయం చేశాడు.

ఆ సాయంత్రం కాఫీ తాగాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ధర్మవరం నుంచి ఫోన్ వచ్చింది.

“ఏమక్కా, గాల్లో లేవు? పిలిచి పిలిచి నా గొంతు పాయె.”

చెప్పడం మొదలుపెట్టాను. ఫోను కదా, సగంలోనే అది అడ్డం పడింది. దాని వెనక మగ్గాల చప్పుడు, నా వెనక మా ఆయన “ఎవురే?” నా కథ మూడు ముక్కలైంది. రేడియో అయితే నేను మొత్తం చెప్పి, వదిలి, ఊపిరి పీల్చుకునేదాన్ని.

“ఎర్త్ లేకుండా ఇన్ని దినాలు మాట్లాడినావా?” అంది చివరికి. “వచ్చి నా ఎర్త్ చూడు. మా రంగుల గుంత పక్కనే పాతించినా. పట్టుకు అద్దకం వేసిన ఉప్పునీళ్లన్నీ ఆడికే పోతాయి. మా నేల దినానికో చీర కట్టినట్టు ఉంటాది, ఒకరోజు ఎరుపు, ఒకరోజు పసుపు. ఎండాకాలం కూడా ఆరదు.”

“మా నేల గ్రానైట్ కట్టుకుంది.”

“విప్పించు మరి. నేనొస్తాండా.”

అది రైలెక్కి, చేతిసంచిలో రాగి పట్టీ చుట్ట పెట్టుకుని వచ్చింది. మేస్త్రీని పిలిచి బండలు కోయించాము. కోత మెషిను మోగినంతసేపు మా ఆయన ముందుగదిలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. బండ కింద ఏమి దొరికిందంటే, ఇల్లు కట్టినప్పుడే కాంట్రాక్టరు వేసిన ఇంటి ఎర్త్ పైపు. మీటరు పెట్టె నుంచి దిగిన తీగ దానికే ఉంది. దాని నోరు మూసి, సిమెంటు వేసి, పైన మెరిసే బండ పరిచారు. చుట్టూ మట్టి చేత్తో నలిపితే పిండిలా రాలింది. ఇన్నేళ్లూ మా ఫ్రిజ్జు, మా గ్రైండరు నమ్ముకున్నది దీన్ని.

దాన్ని నీళ్లతో తడిపి, పక్కన కొత్త గుంత తీసి, బొగ్గులు, ఉప్పు నింపి కొత్త పైపు దించి, గుంజ వైరు అటూ ఇటూ వంపులు లేకుండా డాబా మీంచి బయటి గోడ వెంబడి నేరుగా దాంట్లోకి తెచ్చాము. ఆఖరున కొత్త పైపును, పాత ఇంటి ఎర్త్‌ను, రేడియో ఎర్త్‌ను లావు రాగి పట్టీతో కలిపేశాము. కలపకపోతే ఏమని మా ఆయన పేపరు వెనక నుంచి అడిగాడు. మాట్లాడుకోని తోడికోడళ్లు ఇద్దరు ఒకే ఇంట్లో ఉంటే మధ్యలో మాటలు మోసే మనిషి గతి ఏమవుతుందో అదే అవుతుందన్నాను. రెండు ఎర్త్‌లు విడివిడిగా ఉంటే ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవడానికి పిడుగు ఎంచుకునే దారి మధ్యలో ఉన్న రేడియో, దాన్ని పట్టుకున్న నేను. ఆయనకు కరెంటు సంగతి ఎంత అర్థమైందో కానీ తోడికోడళ్ల సంగతి వెంటనే అర్థమైంది.

చేతులు కడిగే సింకు నీళ్లు పోయే పైపును ఆ గుంతలోకి తిప్పించాను. గుంజ మళ్లీ లేచింది. ఎదురింటాయన వచ్చి, గుంతలోకి తొంగి చూసి, తల ఊపి పోయాడు. వాళ్లింటికి కొత్త టీవీ వచ్చింది, చూడమని పిలిస్తే పోయాను. టీవీ కంటే ముందు ప్లగ్గు చూశాను. ఎర్త్‌కు పోయే మూడో పిన్ను లేదు, కటింగ్ ప్లేయరుతో విరిచిన గుర్తు మాత్రం ఉంది.

“ఇదేందన్నా?”

“రెండు బొక్కల బోర్డుకు మూడు పిన్నులు యాడ దూరుస్తావమ్మా? షాపులో గిరాకీలు కూడా విరిచియ్యమనే అడుగుతారు.”

“పిడుగు అడ్రసు అడిగితే మీ ఇల్లే చూపిస్తాలే,” అన్నాను. నా మాటకు అప్పుడు కూడా నవ్వలేదు కానీ, మరుసటి వారం బోర్డు మార్పించాడు.

మా ఆయన కథ మాత్రం మారలేదు. కొంచెం పెరిగింది. పిడుగును మింగి మింగి బోరు అలిసిపోయిందని, అందుకే ముందుజాగ్రత్తగా ఇంకో ఎర్త్ వేయించానని ఇప్పుడు చెబుతున్నాడు. నీలం పైపు ఆ కథలోకి ఎన్నడూ రాలేదు.

నేను ఆలోచించేది దాని గురించే. రేడియోలో ఒకరోజు బటన్ నొక్కి పట్టుకుని మా చెల్లెలికి చెప్పాను, మధ్యలో ఎవరూ అడ్డం రాకుండా. బోరు వేసిన రోజు కేసింగ్ పైపులు లారీ మీంచి దించి, మా గేటు లోపల వరసగా పేర్చి ఉంటారు. ఒక్కొక్కటి ఎత్తి, నిలబెట్టి, గుంతలోకి జార్చి ఉంటారు. కొబ్బరికాయకు దండం పెట్టిన మనిషి, బండ ఒక్కటి లేపితే షేడు తేడా కనిపెట్టే మనిషి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ పక్కనే నిలబడ్డాడు. బటన్ వదిలేశాను. “అడగక్కా,” అంది అది.

ఇంకా అడగలేదు. ఇప్పుడు ఆయన అన్నం తిని, సింకును వదిలేసి, పెరట్లోకి పోయి గుంత మీదే చెయ్యి కడుగుతున్నాడు. నేను చెప్పలేదు, తనే మొదలుపెట్టాడు. వంటింటి కిటికీలోంచి చూస్తుంటాను. నీళ్లు జారే చేతులను చూస్తూ, ఆయన వీపును ఆ ఒక్క ప్రశ్న మనసులోనే అడుగుతుంటాను. ఆ పైపులు నీలంగా ఉన్నాయని ఆ రోజు మీకు కనపడనే లేదా, లేక కనపడినా, నా రేడియోకు, నాకు ఇది చాలులే అనుకుని ఆ వైరు ఆడ కట్టినారా?